రెండు కొడితే భోజనం

మా అత్తయ్యకు రెండు నోళ్ళు. ఒకటి అందరికీ ఉండే చోటే ఉంది. రెండోది వంటింట్లో, పొయ్యికి ఎడమపక్క గోడకు ఉంది. అదొక పాతకాలపు నల్ల స్విచ్చు. దాన్ని నొక్కితే వంటింట్లో ఏమీ వెలగదు. పెరడు దాటి, నీళ్ళ తొట్టి దాటి, అవతల రేకుల షెడ్డులో మామయ్య నెత్తిమీద బల్బు వెలుగుతుంది.

ఇది ఎవరూ కోరి పెట్టించుకున్నది కాదు. ఇల్లు కట్టినప్పుడు కరెంటు మేస్త్రీ తీగలన్నీ లాగేసి, చివర్లో షెడ్డు స్విచ్చు తెచ్చి వంటింట్లో బిగించాడు. "పొరపాటైందమ్మా, రేపొచ్చి మార్చేస్తా" అన్నాడు. ముప్పై రెండేళ్ళయింది. ఆ రేపు రాలేదు గానీ, ఆయనకు మా ఇంట్లో రేపు మేస్త్రీ అన్న పేరు మాత్రం వచ్చింది.

మామయ్యది రేకు పని. గరాటాలు, డబ్బాలు, పొగగొట్టాలు, మొక్కలకు నీళ్ళు పోసే క్యాన్లు, రేకుతో అయ్యేది ఏదైనా ఆయన చేతిలో అయిపోవాల్సిందే. బేరం అత్తయ్యది, పని మామయ్యది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దాగలి మీద సుత్తి దెబ్బలు వినీ వినీ, నలభై ఏళ్ళు వచ్చేసరికి ఆయన చెవులు ఇక మా వల్ల కాదని తప్పుకున్నాయి. మాట ఉంది, కానీ వాడడు. తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియదు కదా. ఒకసారి గుసగుసగా అడుగుతున్నాననుకుని అత్తయ్యను "నడుం నొప్పి తగ్గిందా" అని అడిగితే, మూడో ఇంటావిడ మందు సీసా పట్టుకుని వచ్చింది. ఆ రోజు నుంచి మామయ్య నోటికి తాళం వేసుకున్నాడు.

షెడ్డుకు కిటికీ లేదు, పగలు కూడా బల్బు వెలగాల్సిందే. ఒకనాడు భోజనం చల్లారిపోతోందని ఆరు కేకలు వేసి, విసుగెత్తి, అత్తయ్య ఆ స్విచ్చు ఆపేసింది. చీకట్లో చేతులు చాపుకుంటూ మామయ్య బయటికొచ్చాడు. ఓహో, ఇదా సంగతి అనుకుంది అత్తయ్య. అంతే, అక్కడ మొదలైంది వాళ్ళ భాష.

రెండు కొడితే భోజనం. మూడు కొడితే ఎవరో వచ్చారు. నాలుగు కొడితే సుత్తి ఆపండి, మూడో ఇంట్లో పసిపాప పడుకుంది. ఐదు కొడితే ఉన్నపళంగా రండి. ఐదు దాటితే తిట్లు, వాటికి లెక్కాలేదు, జమాలేదు. ఆ టపటపల్లో ఏది సబ్బు తేనందుకో, ఏది ఆడపడుచుకు అడక్కుండా మాటిచ్చినందుకో మామయ్యకు తేడా తెలుస్తుందట. ఎలా తెలుస్తుందని సైగ చేసి అడిగితే నవ్వి ఊరుకుంటాడు.

ఒక్కటే లోటు. జవాబు చెప్పడానికి షెడ్డులో స్విచ్చు లేదు. అత్తయ్య దృష్టిలో అది లోటే కాదు. "ముప్పై రెండేళ్ళుగా ఎదురుమాట పడని పెళ్ళాన్ని ఈ వీధిలో నేనొక్కదాన్నే" అని గొప్పగా చెప్పుకునేది.

అలాంటి అత్తయ్య పోయిన నెలలో బీరువా మీద దుమ్ము దులుపుతానని స్టూలెక్కి కింద పడింది. చీలమండ విరిగింది. ఆరు వారాలు కాలు నేల మీద పెట్టకూడదన్నాడు డాక్టరు. ముందుగదిలో ఇనప మంచం వేశాం. అక్కడి నుంచి వంటింటి స్విచ్చుకు ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులే ఆమెకు సముద్రమైపోయాయి.

నేను వారం రోజులు సెలవు పెట్టి వచ్చాను. వచ్చిన రోజే మా నాన్న, అంటే అత్తయ్య తమ్ముడు, ఫోన్లో తీర్పు చెప్పేశాడు. "సోమవారం దాకా మా అమ్మాయి ఉంటుంది. ఆ తర్వాత నువ్వు మా ఇంటికొచ్చేయాలక్కా. బావకి వినపడదు. నీకేదైనా అయితే ఎలా పిలుస్తావు?"

"నేను రాను" అంది అత్తయ్య.

"ఎలా పిలుస్తావో చెప్పు, ఊరుకుంటా."

అత్తయ్య వంటింటి వైపు చూసి, ఫోను నా చేతిలో పెట్టేసింది. ఆమె వాదన మధ్యలో వదిలేయడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడటం. నిజంగా భయమేసింది.

మామయ్య జేబులో ఫోను పెడితే అదురుతుంది కదా అని మీరు అనొచ్చు. సుత్తి దెబ్బలకు మనిషే నిలువెల్లా అదురుతుంటే, జేబులో ఫోను అదురు ఎవరికి తెలుస్తుంది? అదీ చూశాం. పన్నెండుసార్లు చేశాను, పన్నెండుసార్లూ ఆయన గరాటా చేసుకుంటూనే ఉన్నాడు.

"వెళ్ళి రెండు కొట్టిరావే" అని నన్ను పంపేది అత్తయ్య. వెళ్ళి కొట్టేదాన్ని. మామయ్య పెరట్లోకి వచ్చి, వంటింటి వైపు అనుమానంగా చూసి, "ఎవరూ?" అనేవాడు. ఆ ఎవరూ నాలుగు వీధులకు వినపడేది.

"నీ కొట్టుడులో యాస ఉంది" అంది అత్తయ్య మంచం మీద నుంచే. "రెండూ ఒక్కలాగే కొడుతున్నావు. మొదటిది ఇలా తుంచి, రెండోది కాస్త సాగదియ్యాలి. లేకపోతే పోలీసులు పిలిచినట్టుంటుంది."

"భోజనానికేగా అత్తయ్యా, ఎలా పిలిస్తే ఏం?"

"ఎలా పిలిస్తే అలా తింటాడు మనిషి."

గంటకోసారి మామయ్య ముందుగది గుమ్మం దాకా వచ్చి నిలబడేవాడు. అత్తయ్య ఆయన్ని చూసేది, ఆయన అత్తయ్యను చూసేవాడు. ముప్పై ఏళ్ళు బల్బుతో కాపురం చేసినవాళ్ళకు ఎదురెదురుగా ఉంటే ఏం మాట్లాడాలో తోచలేదు. కాసేపు ఫ్యాను వంక చూసి, వెళ్ళిపోయేవాడు. నాకు నవ్వొచ్చేది, జాలి కూడా వేసేది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను లైట్లమ్మే దుకాణంలో పనిచేస్తాను. స్మార్ట్ బల్బు కొనాలా, స్మార్ట్ స్విచ్చు కొనాలా అని రోజుకు పదిమంది అడుగుతారు. కళ్ళు మూసుకుని అప్పజెప్పగలను. బల్బు కొంటే తెలివి బల్బులో ఉంటుంది, హోల్డరులో బిగిస్తే చాలు, పని అయిపోయినట్టే. కాకపోతే గోడమీది స్విచ్చు ఎప్పుడూ వేసే ఉంచాలి, దాని జోలికి పోకూడదు. స్విచ్చు కొంటే తెలివి గోడలో ఉంటుంది, బల్బు పాతదైనా పర్వాలేదు, కానీ బిగించడానికి మేస్త్రీ కావాలి. "మీ ఇంట్లో గోడ దగ్గరికి పోయే అలవాటు ఎవరికుందో చూసుకుని కొనండి" అని చివర్లో ఒక జ్ఞానవాక్యం కూడా చెబుతాను. ఇంత చెప్పే నేను, సొంత అత్తయ్య ఇంటికి వచ్చేసరికి బల్బు కొన్నాను. ఎందుకంటే ఆ ఇంటికి తెలిసిన మేస్త్రీ ఒక్కడే, ఆయన రేపు మేస్త్రీ.

బుధవారం షెడ్డులో స్మార్ట్ బల్బు బిగించి, అత్తయ్య ఫోనుకు కలిపాను. మంచం మీద పడుకుని వేలితో తాకితే చాలు, షెడ్డులో బల్బు ఆరుతుంది, వెలుగుతుంది. అత్తయ్య ముఖం చూడాలి. ఐదు రోజుల తిట్లు బాకీ పడి ఉన్నాయేమో, భోజనం సంగతి తర్వాత, ముందు తిట్లతో మొదలుపెట్టింది. పదీ, పన్నెండూ, పదిహేనూ. వేలు నొప్పి పుట్టేదాకా తిట్టింది.

కాసేపటికి మామయ్య గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. చేతులు కడుక్కున్నాడు, తల దువ్వుకున్నాడు. ముఖంలో సిగ్గు. మెల్లగా అడుగుతున్నాననుకుని, వీధి వీధంతా వినేట్టు అడిగాడు.

"ఏంటి, ఇవాళ నా మీద ఇంత ప్రేమ?"

అత్తయ్య దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. గోడవతల మూడో ఇంటావిడ కిసుక్కున నవ్వడం నాకు స్పష్టంగా వినపడింది.

తర్వాత నేనే షెడ్డులోకి వెళ్ళి చూస్తే తెలిసింది అసలు విషయం. ఆ బల్బు టక్కున ఆరదు, టక్కున వెలగదు. కళ్ళకు హాయిగా ఉంటుందని కంపెనీవాళ్ళు దానికి నెమ్మది నేర్పారు. మెల్లగా మసకబారి, మెల్లగా తేరుకుంటుంది. అత్తయ్య నోరారా తిట్టిన తిట్లన్నీ అక్కడికి లాలిపాటలుగా చేరాయి. ఆ సంగతి చెబితే ఆమె ఫోను నా ఒళ్ళో పడేసింది. "నా తిట్టు తిట్టులాగే చేరాలి. మధ్యలో దీని పెత్తనం ఏంటి?"

సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ నెమ్మదిని తీసేశాను. గురువారం ఇంటికి పాత కళ వచ్చింది. రెండు కొడితే మామయ్య భోజనానికి వచ్చాడు. మూడు కొడితే బేరానికి వచ్చాడు. నాలుగు కొడితే మాత్రం ఎందుకో సుత్తి ఆపడం మానేశాడు. ఏదో ఒక రేకును పొద్దస్తమానం కొడుతూనే ఉన్నాడు. "నేను మంచం దిగనీ, అప్పుడు చెప్తా" అని అత్తయ్య ఆనందంగా పళ్ళు నూరింది. నేను నా తెలివికి నన్నే మెచ్చుకుని పడుకున్నాను. ఇల్లలకగానే పండగ కాదని పెద్దలు నాలాంటివాళ్ళను చూసే అని ఉంటారు.

శుక్రవారం పొయ్యి మీద గిన్నె పెట్టి, ఫోను చూస్తూ నిలబడ్డాను. వంటిల్లంతా పొగ కమ్ముకున్నాక గానీ తలెత్తలేదు. కంగారులో నా చెయ్యి తిన్నగా గోడ మీదికి పోయింది. ఆ ఇంట్లో చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది అదే కదా. టకటకా ఐదు కొట్టాను.

ఇప్పుడు వినండి. స్మార్ట్ బల్బును గోడ దగ్గర ఐదుసార్లు ఆపి వేస్తే, అది నేర్చుకున్నదంతా మరిచిపోయి, కొత్త యజమాని కావాలని ఆగకుండా మిణుకుతుంది. ఈ మాట నేను రోజుకు పదిమందికి చెబుతాను. ప్రపంచంలో ఏ ఇంట్లోనూ ఎవరూ ఊరికే ఐదు కొట్టరు. మా ఇంట్లో తప్ప.

షెడ్డులో మామయ్య ఐదు లెక్కపెట్టాడు. ఆరు, ఏడు, ఇరవై, ముప్పై. కాపురం మొత్తం మీద ఇంత పిలుపు, ఇంత తిట్టు ఆయన ఎరగడు. ఒక చేత సుత్తి, ఒక చేత సగం చేసిన గరాటా పట్టుకుని పరుగున ముందుగదికి వచ్చాడు. అత్తయ్య తల దువ్వుకుంటోంది.

"ఏమైంది?" అన్నాడు. కిటికీ రెక్క అదిరింది.

అత్తయ్య ఏమీ కాలేదని చెయ్యి ఊపింది.

"పిలిచావుగా?"

పిలవలేదని దువ్వెన ఊపింది. మామయ్య పరుగున పెరట్లోకి వెళ్ళి చూశాడు. బల్బు కొట్టుకుంటూనే ఉంది. మళ్ళీ పరుగున వచ్చాడు. "ఇంకా పిలుస్తూనే ఉన్నావు" అన్నాడు. ఇలా మూడు తిరుగుళ్ళు తిరిగాడు. నేను గిన్నె పట్టుకుని ఆయన వెనకాల తిరిగాను. మూడో ఇంటావిడ మందు సీసాతో వచ్చి, ఎవరికి వెయ్యాలో తెలీక మా ఇద్దరి వెనకాల తిరిగింది. సరిగ్గా అప్పుడే నాన్న ఫోన్ చేశాడు.

"ఏంటక్కా ఆ గోల?"

"ఏం లేదురా. అంతా ప్రశాంతంగా ఉంది" అని అత్తయ్య పొగకు దగ్గింది.

"ఆదివారం కారు తెస్తున్నా. బట్టలు సర్దుకో."

ఫోను పెట్టేశాక అత్తయ్య దువ్వెన పక్కన పెట్టింది. ఆ తర్వాత నా వంక తిరిగి, "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది కదే" అంది. నవ్వుతూనే అంది, కానీ ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "ఆరు వారాలు ఆయన ఇక్కడా, నేనక్కడా. ఆయన్ని ఎవరు పిలుస్తారే అన్నానికి? ఎవరూ పిలవకపోతే ఆ మనిషి తినడు."

అప్పుడు నాకు బుద్ధొచ్చింది. మా ఇంట్లో మాట పుట్టింది గోడలో. తెలివి అనేది పెడితే గోడలోనే పెట్టాలి. శనివారం పొద్దున్నే మా దుకాణం నుంచి స్మార్ట్ స్విచ్చుల పెట్టె తెప్పించి, రేపు మేస్త్రీకి ఫోన్ చేశాను.

"రేపొస్తానమ్మా" అన్నాడు.

అత్తయ్య ఫోను లాక్కుంది. "మేస్త్రీ, నీ రేపులు ముప్పై రెండేళ్ళవి నా దగ్గరున్నాయి. అందులో ఒకటి ఇవాళ వాడుకుంటా." గంటలో దిగాడు.

వంటింటి స్విచ్చు పెట్టె ఊడదీసి, లోపలికి టార్చి కొట్టి, మేస్త్రీ తల అడ్డంగా ఆడించాడు. "ఎవడమ్మా ఈ వైరింగు చేసింది? షెడ్డు స్విచ్చు తెచ్చి ఇక్కడ పెట్టాడు."

"నువ్వే" అన్నాను.

టార్చి ఆర్పేశాడు. "అప్పుడు చిన్నవాణ్ణి" అన్నాడు. "పోనీ, ఇప్పుడు మార్చేయనా? అరగంట పని."

ముందుగది నుంచి కేక వచ్చింది. "దాని చోటు మార్చావంటే ఊరుకోను మేస్త్రీ. దాంతోనే సంసారం చేశాను."

స్మార్ట్ స్విచ్చు తాను ఎప్పుడూ మేలుకుని ఉండాలి కాబట్టి దానికి కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగ కూడా కావాలి. పాత పెట్టెల్లో అది చాలావరకు ఉండదు. ఇక్కడ పక్కనే ప్లగ్గు ఉండబట్టి దొరికింది. చిన్నప్పుడు ఎంత తప్పు చేసినా ఆ ఒక్క మంచిపని చేశానని మేస్త్రీ మూడుసార్లు చెప్పుకున్నాడు. షెడ్డులో పాత మామూలు బల్బే మళ్ళీ పెట్టాం. అత్తయ్య మంచానికి తీగలేని చిన్న బటను అంటించాం. వెనక అయస్కాంతం ఉంది, ఇనుముకు అంటుకుని ఉంటుంది.

అత్తయ్య బటను మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగింది. తర్వాత తన పద్ధతిలో రెండు కొట్టింది. వంటింట్లో స్విచ్చు టక్కుమంది, షెడ్డులో బల్బు టక్కున ఆరి టక్కున వెలిగింది. నెమ్మదీ లేదు, లాలీ లేదు. సుత్తి చప్పుడు ఆగింది. మామయ్య పెరట్లోకి వచ్చి, నన్ను చూసి, ముందుగది వైపు వేలు చూపించి, "ఆమే" అన్నాడు. ఈసారి వీధంతా విన్నా నాకు బాధనిపించలేదు.

దుకాణం నుంచి వచ్చిన పెట్టెలో స్విచ్చులు రెండు, బటన్లు రెండు వచ్చాయి. మిగిలిన స్విచ్చును ముందుగది లైటుకు బిగించి మేస్త్రీ వెళ్ళిపోయాడు. మిగిలిన బటను బల్ల మీద ఉండిపోయింది. సాయంత్రం మామయ్య నన్ను షెడ్డులోకి పిలిచాడు. ఆ బటను ఆయన అరచేతిలో ఉంది. కొలతలు గీసుకునే సుద్దముక్కతో రేకు ముక్క మీద రాసి చూపించాడు: ఇది ఆమె గదికి పలుకుతుందా?

నోటితో అడగొచ్చు. అడిగితే ఆమెకూ వినపడుతుంది, వీధికీ వినపడుతుంది. అందుకని రాశాడు. నేను తలూపి, ఆ బటనును అత్తయ్య గది లైటుకు కలిపి, వేలు పెదవుల మీద పెట్టుకున్నాను. ఆయనా పెట్టుకున్నాడు. ఇద్దరం దొంగల్లా నవ్వుకున్నాం.

ఆదివారం పొద్దున నాన్న కారేసుకుని వచ్చాడు. "ఏదీ, పిలువు" అన్నాడు. అత్తయ్య ఐదు కొట్టింది. నాన్న వాచీ చూస్తూ లెక్కపెట్టాడు. తొమ్మిది అనేసరికి మామయ్య సుత్తితో గుమ్మంలో ఉన్నాడు. నాన్నకు నమ్మకం కుదరక మళ్ళీ కొట్టమన్నాడు. రెండోసారి ఎనిమిదికే వచ్చాడు. మూడోసారి మామయ్య నాన్న వంక చూసిన చూపుకు ఇక నాలుగోసారి అడగలేదు.

"బట్టలు సర్దలేదేం?" అన్నాడు నాన్న, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"సర్దినవి విప్పేశానురా. వెళ్ళిరా."

మధ్యాహ్నం వంటకు లేచేసరికి మామయ్య వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అడ్డంగా నిలబడి ఉన్నాడు. నన్ను చూసి బయటికి పొమ్మని గరిటెతో దారి చూపించాడు. తలుపు సందులోంచి తొంగిచూశాను. గిన్నెలు పొయ్యి మీద ఉన్నాయి. గట్టు మీద నాలుగు కాళ్ళ రేకు బల్ల ఒకటి ఉంది. మంచం మీద కూర్చున్న మనిషి ఒళ్ళోకి సరిపోయేంత బల్ల. అంచులు తెగకుండా చుట్టూ మడిచి, నున్నగా కొట్టి ఉన్నాయి. నాలుగు కొట్టినా సుత్తి ఎందుకు ఆగలేదో అప్పుడు అర్థమైంది. బటను ఆ బల్ల అంచుకే అంటించి ఉంది.

చప్పుడు చెయ్యకుండా వెళ్ళి అత్తయ్య పక్కన కూర్చున్నాను. ఆమె మంచం మీద బటన్ను తుడుస్తూ, నా వంట గురించి తన అభిప్రాయాలు చెబుతోంది. గదిలో లైటు ఆరి వెలిగింది. మళ్ళీ ఆరి, కాస్త ఆగి, వెలిగింది.

"కరెంటు పోయేట్టుంది" అంది అత్తయ్య.

లైటు మళ్ళీ కొట్టుకుంది. మొదటిది తుంచి, రెండోది సాగదీసి. అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. పెదవులు కదిలించి లెక్కపెట్టుకుంది.

"రెండు" అంది. "నేను కొట్టలేదే."

"నువ్వు కాదు అత్తయ్యా."

లైటు వంక చూసింది, వంటింటి వైపు చూసింది, నా ముఖం చూసింది. ఆయనకు ఈ భాష నేర్పింది తనే. ఆయనకు తెలిసిన మాటలన్నీ తను అన్నవే. ఆ మాటల్లోంచి వెతుక్కుని, ఆయన మొట్టమొదట తీసింది ఇది.

"మా అమ్మ పోయాక నన్ను అన్నానికి పిలిచినవాళ్ళు లేరే" అంది. ఆమె గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. ముప్పై రెండేళ్ళు అందరినీ పిలిచి, అందరూ తిన్నాక తిన్న మనిషి.

మామయ్యను తీసుకొద్దామని లేచాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది.

"ఉండవే. ఇంకోసారి పిలవనీ."